గాలి రాకపోతే ముందు పరీక్ష, తర్వాతే మోటారు

పాత కారులో ఏసీ గాలి ఆగిపోగానే గ్యాస్ అయిపోయిందనుకోవడం పొరపాటు. గ్యాస్ తగ్గితే గాలి వస్తుంది కానీ చల్లదనం ఉండదు; గాలే రాకపోతే చూడాల్సింది బ్లోయర్‌ను. అప్పుడైనా బ్లోయర్ మోటారు కొనే ముందు పరీక్ష తప్పనిసరి. మొదట ఫ్యూజ్ చూడాలి. ఫ్యాన్ ఆఖరి స్పీడులో మాత్రమే తిరుగుతుంటే లోపం సాధారణంగా రెసిస్టర్‌ది, మోటారుది కాదు. ఫుల్ స్పీడు పెట్టినప్పుడు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ దాదాపు 12 వోల్టులు చూపిస్తున్నా మోటారు కదలకపోతే అది పోయినట్టే. చేత్తో తట్టగానే తిరిగి, కాసేపటికి మళ్లీ ఆగితే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండవచ్చు. చాలా కార్లలో ఈ మోటారు గ్లోవ్ బాక్స్ వెనక ఉంటుంది. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, గ్లోవ్ బాక్స్ దించి, కనెక్టర్ ఊడదీసి, స్క్రూలు విప్పితే ఫ్యాన్‌తో సహా కిందికి వస్తుంది. ఇలాంటి కార్లలో గ్యాస్ పైపుల జోలికే పోనక్కర్లేదు. కాబట్టి ఈ పనికి గ్యాస్ ఫిల్లింగ్ బిల్లు వేయడం అన్యాయం. కొత్త మోటారు తిరిగే దిశ, ఫ్యాన్ సైజు, కనెక్టర్ పాతదానితో సరిపోవాలి. బిగించే ముందు లోపల చేరిన ఎండుటాకులు, దుమ్ము తీసేయాలి. అరిగిన మోటారు ఎక్కువ కరెంటు లాగి కనెక్టర్‌ను కరిగించవచ్చు. మాడిన పిన్నులుంటే వాటినీ మార్చాలి. వానాకాలంలో ముందు అద్దంపై పట్టిన ఆవిరిని పోగొట్టేది కూడా ఈ గాలే కనుక, ఈ మరమ్మతును సుఖం కోసం చేసే ఖర్చుగా కాక భద్రతకు అవసరమైన పనిగా ఎంచి వెంటనే చేయించాలి.