బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

నిరుడు ఆరు నెలలు డల్లాస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఒక సాయంత్రం రెండో తరగతి చదివే మనవడు బడి నుంచి వచ్చి, "తాతయ్యా, ఇవాళ మాకు లాక్‌డౌన్" అన్నాడు. నాకు తెలిసిన లాక్‌డౌన్ కరోనా నాటిది. మళ్లీ ఏం రోగమొచ్చిందిరా అని కంగారుపడ్డాను. వాడు నవ్వి, లైటు ఆర్పి, సోఫా వెనక మూలకి చేరి, నోటి మీద వేలు పెట్టుకుని చూపించాడు. తుపాకీతో ఎవరైనా వస్తే తరగతి పిల్లలంతా అలా నక్కి కూర్చోవాలట. దాగుడుమూతలాట గురించి చెప్పినట్టే చెప్పాడు. చీరాల చుట్టుపక్కల బళ్లలో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడ చట్టం లేక కాదు. టెక్సస్‌లో బడిలోకి తుపాకీ తేవడం రెండు నుంచి పదేళ్ల జైలు పడే నేరం. కానీ అదే చట్టం పార్కింగ్ స్థలాన్ని ఆవరణ కింద లెక్కవేయదు. యాజమాన్యం రాసిస్తే పంతులే తుపాకీ పెట్టుకోవచ్చు. 2016 ఆగస్టు 1 నుంచి లైసెన్సున్నవాళ్లు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, కొన్నిచోట్ల తప్ప, పిస్టల్ దాచుకుని తిరగొచ్చు. మన గుంటూరు, ప్రకాశం పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్లే క్యాంపస్‌లే అవి.

ఇక్కడ 2009 విద్యాహక్కు చట్టం నా చేతిలో బెత్తం తీయించింది. మంచిపనే చేసింది. అక్కడ పంతులు నడుముకి పిస్టల్ కడితే పిల్లలు భద్రమంటున్నారు. 2022 మే 24న టెక్సస్‌లోనే యువాల్డీ బడిలో కాల్పులు జరిగినప్పుడు దాదాపు నాలుగు వందల మంది పోలీసులు తుపాకులతోనే వచ్చారు. హంతకుడున్న గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు.

మనకెందుకీ గోల అనుకోకండి. మన ఆయుధ లైసెన్సు షరతుల్లోనే ఉంది: ప్రత్యేక అనుమతి లేకుండా తిరునాళ్లకీ, ఊరేగింపులకీ, విద్యాసంస్థల ఆవరణలోకీ తుపాకీ తీసుకెళ్లకూడదు. అయినా 2007 డిసెంబరులో గుర్‌గావ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు తమలో ఒకడి తండ్రి పిస్టల్ తెచ్చి తోటివాణ్ణి కాల్చేశారు. 2018 జనవరిలో యమునానగర్‌లో ఇంటర్ ఈడు కుర్రాడు తండ్రి రివాల్వర్‌తో ప్రిన్సిపాల్‌నే చంపాడు. షరతు బడి గేటు దగ్గర కాపలా ఉంది. తుపాకీ బయల్దేరింది ఇంటి నుంచి.

పర్చూరు వైపు పనిచేసినప్పుడు పత్తి, మిరప రైతుల పిల్లలే నా తరగతి నిండా. ఓ రోజు ఆరో తరగతి పిల్లవాడు పురుగుమందు డబ్బా కడుక్కుని అందులో మంచినీళ్లు తెచ్చుకున్నాడు. డబ్బా లాక్కుని పారేశాను. వారం తిరక్కుండా మరో డబ్బా తెచ్చాడు. సాయంత్రం వాళ్లింటికి నడిచాను. మందు డబ్బాలు వంటింటి గూట్లో, ఉప్పు జాడీ పక్కన ఉన్నాయి. తండ్రిని కూర్చోబెట్టి మాట్లాడాను. మర్నాటికి అవన్నీ ట్రంకుపెట్టెలోకి వెళ్లాయి, తాళంచెవి ఆయన మొలతాడుకి వెళ్లింది. మళ్లీ ఏ డబ్బా బడికి రాలేదు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఈ తాళం సంగతి ఆలస్యంగా గ్రహించింది. 2021లో ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో పదిహేనేళ్ల కుర్రాడు నలుగురిని చంపితే, 2024లో వాడి తల్లికీ తండ్రికీ పది నుంచి పదిహేనేళ్ల చొప్పున జైలు పడింది. పిల్లలుండే ఇంట్లో తుపాకీకి తాళం ఉండాలని అక్కడ చట్టం కూడా వచ్చింది.

మన దగ్గర 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు అయిదేళ్లు. రెన్యూవల్‌కి అర్జీ వచ్చినప్పుడు పోలీసులు అర్జీదారు చరిత్రతో పాటు బీరువా కూడా చూడాలి. తాళం ఉందా, తూటాలు వేరే పెట్టారా, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? పిల్లవాడి చేతికి తుపాకీ దొరికిందంటే ముందు బోనెక్కాల్సింది దాని సొంతదారు. బడికి మెటల్ డిటెక్టర్ కొనడం కన్నా ఇది చవక.

తిరిగొచ్చే ముందు అమ్మాయికి ఒకటే చెప్పాను: మనవణ్ణి ఎవరింటికైనా ఆటకి పంపేముందు, ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేశారా అని అడగమ్మా అని. "బాగోదు నాన్నా, ఏమనుకుంటారో" అని మొహమాటపడింది. మందు డబ్బా సంగతి చెప్పాను. మొన్న ఫోన్లో, ఇప్పుడు అడుగుతున్నానంది.