ఆమినస్, సినిస్టర్ ఒకటేనా?

ఇంగ్లీషు పాఠాల్లో ‘ఆమినస్’, ‘సినిస్టర్’ అనే మాటలు ఎదురైనప్పుడు, రెండింటికీ పక్కన ‘అశుభం’ అని రాసుకుని ముందుకు పోతాం. కానీ ఆ రెండూ ఒకటి కావు.

ఆమినస్ ‘ఓమెన్’ నుంచి వచ్చింది. ఓమెన్ అంటే శకునం. శకునం మంచిదైనా కావచ్చు, చెడ్డదైనా కావచ్చు. ఆమినస్‌ను మాత్రం చెడు సూచనకే వాడతారు. తుపానుకు ముందు కమ్ముకునే నల్లమబ్బు ఆమినస్. ఆ మబ్బుకు మన మీద పగేమీ లేదు. ఏదో రాబోతోందని చెబుతుంది, అంతే.

సినిస్టర్ లాటిన్ నుంచి వచ్చిన మాట. అక్కడ దాని అర్థం ‘ఎడమ’. ఎడమవైపును అశుభంగా భావించడం వల్ల దానికి చెడ్డ అర్థం అంటుకుంది. ఇప్పుడు దురుద్దేశం దాగిన పన్నాగాన్నో, నవ్వునో సినిస్టర్ అంటున్నారు. మబ్బును ఆమినస్ అనడం హెచ్చరిక. మనిషిని సినిస్టర్ అనడం నింద. నిందకు రుజువు కావాలి.

ఎడమచేత్తో రాసే మిత్రులు మన తరగతుల్లోనూ ఉంటారు. వాళ్ల చేతిలో ఏ కీడూ లేదు. అయినా ఆ చేత్తో ఏదైనా అందిస్తే మన ఇళ్లలో ఇంకా కసురుతూనే ఉంటారు. రుజువు లేని నింద అంటే ఇదే.

బదిలీలతో ఊళ్లు మారే మనకు ఈ తేడా బాగా తెలియాలి. కొత్త ఊరు, రాని భాష, మొదటిరోజు తరగతిలో నిశ్శబ్దం మనకు ఆమినస్‌గా తోచవచ్చు. అది మన బెరుకు. అంతమాత్రాన అక్కడివాళ్లను సినిస్టర్ అనుకోకూడదు. వాళ్లకు మనమూ కొత్తవాళ్లమే కదా!