కుండ పెట్టిన ఇల్లూ పని ప్రదేశమే

పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపులను నివారించడానికి 2013లో వచ్చిన చట్టం హైదరాబాదు ఐటీ కంపెనీల్లోనో, బ్యాంకుల్లోనో ఉద్యోగం చేసే చదువుకున్న ఆడవాళ్ల కోసమని, ఊళ్లలో కూలికీ నాలికీ పోయే స్త్రీలకు దానితో నిమిత్తం లేదని, ఇక్కడ అటువంటిదేదైనా జరిగితే పెద్దమనుషులు కూర్చుని నలుగురిలో పరువు పోకుండా సర్దుబాటు చెయ్యడమే మేలని గోదావరి డెల్టాలో చాలామంది నమ్ముతారు. చదువుకున్నవారిలో కూడా బలంగా ఉన్న ఈ నమ్మకానికి చట్టంలో ఎక్కడా ఆధారం లేదు. ఆత్రేయపురం వంటి ఊరిని ఎదురుగా పెట్టుకుని ఆ చట్టాన్ని చదివితే, అది ఇటువంటి ఊళ్లను మరిచిపోయి రాసినది కాదని తేలుతుంది.

ఆత్రేయపురానికి పేరు తెచ్చిన పూతరేకు ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాదు. నానబెట్టిన బియ్యాన్ని పల్చగా రుబ్బి, ఆ పిండిలో గుడ్డ ముంచి, కింద కొబ్బరాకుల మంటతో కాలుతున్న కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితం కంటే పలచని రేకు లేస్తుంది. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే రేకు మాడుతుంది, పిండి కొంచెం చిక్కబడితే మందమవుతుంది. పొగలో, సెగలో కూర్చుని ఈ రేకులు తీసేది ప్రధానంగా ఆడవాళ్లు, అదీ ఎక్కువగా తమ ఇళ్లలోనే. ఆ రేకులను దుకాణాలకు ఇస్తే, అక్కడ నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం, జీడిపప్పు వేసి చుట్టి అమ్ముతారు. చుట్టేవారిలో కూడా స్త్రీలే ఎక్కువ.

ఈ అమరికలో అధికారం రేకు తీసేవారి చేతిలో ఉండదు, కొనేవారి చేతిలో ఉంటుంది. ఏ రేకు బాగుందో, ఏది విరిగిందో, ఏది మందమో చెప్పేది అతను. వందకు ఎంతివ్వాలో, రేపు మళ్లీ తీసుకోవాలో వద్దో నిర్ణయించేదీ అతనే. అటువంటివాడు అసభ్యంగా మాట్లాడినా, చెయ్యి వేసినా, ఒప్పుకోకపోతే రేకులన్నీ పనికిరావని వెనక్కి పంపుతానని బెదిరించినా ఆమెకు పోయేది ఆ పూట కూలి మాత్రమే కాదు, వంటపట్టిన పనికి ఉన్న ఒకే ఒక్క గిరాకీ. చట్టంలోని సెక్షన్ 3 సరిగ్గా ఈ బేరాన్నే పట్టుకుంది: లొంగితే మేలు చేస్తానని ఆశ చూపడం, లొంగకపోతే పనికి నష్టం చేస్తానని బెదిరించడం, ఈ రెండూ పైకి అన్నా, అనకుండా తెలిసేలా చేసినా లైంగిక వేధింపు కిందికే వస్తాయి.

ఇక ఎవరికి వర్తిస్తుందన్న ప్రశ్నకు సెక్షన్ 2 సూటిగా జవాబిస్తుంది. పని ప్రదేశాల జాబితాలో నివాస గృహాన్ని కూడా చేర్చింది. అసంఘటిత రంగం అంటే వ్యక్తులు గాని, స్వయం ఉపాధిపై బతికేవారు గాని నడుపుతూ వస్తువులను తయారుచేసే లేదా అమ్మే, 10 మందికి తక్కువ పనివారున్న సంస్థ అని వివరించి, దాన్ని కూడా పని ప్రదేశమే అంది. రోజుకూలీకి పనిచేసినా, మధ్యవర్తి ద్వారా వచ్చినా ఉద్యోగే అంది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. సొంతింట్లో రేకులు తీసి అమ్మే స్త్రీ వ్యాపారికి ఉద్యోగి కాదు గదా, సరుకు అమ్మేవారికీ కొనేవారికీ మధ్య వచ్చిన గొడవకు ఈ చట్టమెందుకని అడగవచ్చు. అయితే పని ప్రదేశం విషయంలో బాధిత మహిళ అంటే ఎవరో చెబుతూ చట్టం, ఆమె అక్కడ ఉద్యోగి అయినా కాకపోయినా, ఏ వయసుదైనా సరే అని స్పష్టంగా రాసింది. రేకుల కట్ట పట్టుకుని ఆమె దుకాణానికి వెళితే ఆ దుకాణం పని ప్రదేశం, వ్యాపారి ఆమె ఇంటికి వస్తే కుండ పెట్టిన ఆ ఇల్లు పని ప్రదేశం. చట్టాన్ని దాని ఉద్దేశానికి అనుగుణంగా చదివితే రెండుచోట్లా ఆమెకు రక్షణ ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ప్రాంతపు నైపుణ్యం వల్ల విశిష్టత పొందిన సరుకు పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడే హక్కు అది. ఆ గుర్తింపు నిలిచింది ఇళ్లలో కుండల ముందు కూర్చున్న ఆడవాళ్ల పనితనం మీదే. పేరును కాపాడేటప్పుడు ఆ ఇంటిని తయారీ స్థలమని ఒప్పుకుని, ఆ పని చేసే మనిషిని కాపాడవలసి వచ్చేసరికి అది ఒట్టి ఇల్లేనని తప్పుకోవడం సమంజసం కాదు.

పైగా ఈ చట్టం పుట్టింది నగరంలో కాదు. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ప్రభుత్వ కార్యక్రమం కింద ఇంటింటికీ తిరిగి పనిచేసిన భన్వరీ దేవి, ఒక బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైంది. ఆ ఘటన నేపథ్యంలో విశాఖ అనే సంస్థ, మరికొన్ని మహిళా సంఘాలు వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న ఇచ్చిన మార్గదర్శకాలే 2013 చట్టానికి మూలం. ఆఫీసూ కుర్చీ లేని ఒక పల్లెటూరి శ్రామిక స్త్రీ పోరాటం నుంచి వచ్చిన చట్టాన్ని పల్లెటూరి శ్రామిక స్త్రీలకే చెందదనడం కంటే అన్యాయం లేదు.

పెద్దమనుషుల సర్దుబాటును సమర్థించేవారు సెక్షన్ 10 చదవాలి. రాజీ అనేది బాధితురాలు తానుగా కోరితేనే, విచారణ మొదలుకాక ముందే, కమిటీ ద్వారా జరగాలని, డబ్బు ప్రాతిపదికగా రాజీ కుదర్చరాదని ఆ సెక్షన్ చెబుతుంది. అరుగు మీద జరిగే పంచాయితీలో సాధారణంగా తేల్చేది డబ్బు లెక్కే, ఆమె కోరిందా లేదా అని అడిగేవారు అరుదు. ఇదే పంచాయితీ కాపురాల దాకా కూడా వెళుతుంది. వేధించినవాడిని వదిలి వేధింపుకు గురైనదాన్ని అనుమానించి, భార్యాభర్తల చేత స్టాంపు కాగితం మీద విడాకులని రాయించి సంతకాలు పెట్టించే పద్ధతి ఇంకా పోలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం ఆ కాగితంతో వివాహం రద్దు కాదు. ఇద్దరూ ఒప్పుకున్నా సెక్షన్ 13బి కింద కోర్టు డిక్రీ ఇవ్వాలి. విడాకుల కులాచారం ఉన్న సముదాయాలకు సెక్షన్ 29 మినహాయింపు ఇస్తుంది గాని, ఆ ఆచారాన్ని రుజువు చెయ్యవలసిన భారం దాన్ని చెప్పుకునేవారిదే. అటువంటి కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు సరికదా, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద నేరమవుతుంది.

అబద్ధపు ఫిర్యాదులు పెరుగుతాయన్న భయానికి జవాబు చట్టంలోనే ఉంది. దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు చేసినట్టు తేలితే చర్యకు సెక్షన్ 14 వీలు కల్పించింది, అయితే రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన ఫిర్యాదీపై చర్య తీసుకోనక్కరలేదని కూడా అక్కడే చెప్పింది.

కనుక తప్పు పట్టవలసింది చట్టం పరిధిని కాదు, అమలును. 10 మందికి తక్కువ ఉన్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, విచారించవలసింది జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీ. ఆత్రేయపురం ఇప్పుడున్న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాకు కేంద్రం అమలాపురం. పొయ్యి ఆర్పితే ఆ రోజు కూలి పోయే మనిషి అంతదూరం తిరగలేదనే, ఫిర్యాదు తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపే నోడల్ అధికారిని గ్రామీణ ప్రాంతాల్లో తాలూకా స్థాయిలోనే నియమించాలని సెక్షన్ 6 చెప్పింది. ఆ కమిటీలో ఒక స్థానం జిల్లాలో పనిచేసే స్త్రీలలో ఒకరికి ఇవ్వాలని సెక్షన్ 7 చెబుతుంది, అంటే రేకులు తీసే మనిషి ఫిర్యాదీగానే కాదు, విచారించే సభ్యురాలిగా కూడా కూర్చోవచ్చు. చట్టం వచ్చి పదేళ్లు దాటాక కూడా జిల్లా అధికారులను, స్థానిక కమిటీలను, నోడల్ అధికారులను నియమించమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు గడువులు పెట్టి ఆదేశించవలసి వచ్చిందంటే నిర్లక్ష్యం ఎంత లోతైనదో తెలుస్తుంది.

నోడల్ అధికారి పేరు, ఫోను నంబరు మండల కార్యాలయంలోనూ, గ్రామ సచివాలయంలోనూ, పూతరేకుల దుకాణాల్లోనూ పెద్ద తెలుగు అక్షరాలతో రాసి పెట్టించవలసిన బాధ్యత జిల్లా యంత్రాంగానిది, పెట్టించుకోవలసిన బాధ్యత తయారీదారుల సంఘానిది. రేకులు తీసే, చుట్టే ప్రతి స్త్రీకీ తెలియవలసినవి మరికొన్ని ఉన్నాయి: ఫిర్యాదు ఘటన జరిగిన 3 నెలల్లోగా ఇవ్వాలి, తగిన కారణముంటే మరో 3 నెలలు పొడిగిస్తారు, రాయడం రాకపోతే కమిటీవారే సాయపడి రాయించాలి, న్యాయవాది కావాలంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా, న్యాయసేవాధికార సంస్థ ద్వారా ప్రతి స్త్రీకీ ఉచితంగా దొరుకుతాడు, దాని సహాయ నంబరు 15100.