ఆకుపచ్చ చుక్క లేని చోట

మా వదిన నార్త్ కరోలినాలో ఉంటుంది. షాపుకు వెళ్తే సరుకులు బండిలో వేయడం కంటే ప్యాకెట్లు తిరగేయడానికే ఆవిడకు ఎక్కువసేపు పడుతుంది. మొన్న వేసవిలో పక్కన నిలబడి నేనే విసుక్కున్నాను: "చిప్సే కదా వదినా! బంగాళాదుంప, నూనె, ఉప్పు." ఆవిడ మాట్లాడకుండా బార్బెక్యూ చిప్స్ ప్యాకెట్ వెనక్కి తిప్పి, చీమతలంత అక్షరాల చివర వేలు పెట్టింది. "నేచురల్ ఫ్లేవర్స్" అని ఉంది.

ఆవిడది ఆల్ఫా-గాల్ అలర్జీ. లోన్ స్టార్ అనే పిడుదు ఉంది. ఆడదానికి వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. అది కుట్టాక కొందరికి ఆవు, పంది, మేక మాంసంలోని ఒక చక్కెర పడదు. కోడి, చేప తినొచ్చు. ఈ అలర్జీ ఆలస్యంగా దెబ్బ తీస్తుంది. రాత్రి ఎనిమిదింటికి మటన్ తింటే అర్ధరాత్రి దద్దుర్లతో, ఒక్కోసారి ఊపిరాడక లేస్తారు. అంతసేపయ్యాక తిండిని ఎవరు అనుమానిస్తారు? 2010 నుంచి అమెరికాలో నాలుగున్నర లక్షల మంది దాకా దీని బారిన పడి ఉండొచ్చని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా.

అమెరికా చట్టం 2004లో ఎనిమిది అలర్జీ పదార్థాల పేర్లు లేబుల్ మీద స్పష్టంగా ఉండాలంది. 2023 నుంచి నువ్వులూ చేరాయి. గొడ్డు, పంది మాంసం ఆ జాబితాలో లేవు. టోర్టిల్లాలో పంది కొవ్వు వేస్తే "లార్డ్" అనైనా ఉంటుంది, అది నయం. మార్ష్‌మెలోలో జెలటిన్ ఏ జంతువుదో రాయనక్కర్లేదు. మోనోగ్లిజరైడ్లు మొక్క నూనెవో, జంతువు కొవ్వువో చెప్పనక్కర్లేదు. ఇక ఆ "నేచురల్ ఫ్లేవర్స్"లో మాంసం నుంచి తీసిన రుచి కూడా ఇమిడిపోతుంది. నన్నడిగితే లేబుల్ మొత్తంలో ఇంత దొంగమాట మరొకటి లేదు.

మన దగ్గరైతే ఆకుపచ్చ చుక్క ఉంది కదా అంటారు. మాంసం, జెలటిన్ వరకు అది కాపాడుతుంది. కానీ పాలు, పాలవిరుగుడు (వే) పొడి ఉన్నా పచ్చచుక్కే పడుతుంది. ఈ అలర్జీ ఉన్నవారిలో చాలామందికి పాలు పడతాయి, కొందరికి పడవు. మా వదినకు పెరుగన్నం పడుతుంది, ఐస్‌క్రీమ్ పడదు. ఎవరికి ఏది పడుతుందో వాళ్ల డాక్టరుతో తేల్చుకోవాల్సిందే.

పోయిన నెల చదివిన ప్యాకెట్‌నే ఈ నెల మళ్లీ చదువుతుంది ఆవిడ. కంపెనీ దినుసు మార్చినా ముందు బొమ్మ అదే ఉంటుంది మరి. అనుమానం తీరకపోతే ప్యాకెట్ మీది నంబరుకు ఫోన్ చేస్తుంది. ఒక్కోసారి జవాబు వస్తుంది, ఒక్కోసారి "అది మా వ్యాపార రహస్యం" అంటారు. అలా అన్న ప్యాకెట్ మళ్లీ అరలోకే పోతుంది.

ఇలాంటివాళ్ల ఇంటికి బిస్కెట్లో, మిక్చరో తీసుకెళ్తుంటే స్టీలు డబ్బాలో పోసి ఇవ్వకండి. ప్యాకెట్‌తోనే ఇవ్వండి, చదువుకుంటారు.