విత్తనాన్ని వండుకు తినరాదు

చిరాగ్‌పల్లికి సముద్రం దూరమే. అయినా కోస్తా జాలరి గోడు మనకూ పాఠమే. తెరచాప పడవకు గాలే ఆధారం. డీజిలు ఖర్చు లేదు గాని, చేప ఒడ్డుకు దగ్గరలో ఉంటేనే దానికి బతుకు. కానాగంతల గుంపులు పలచబడితే మరబోటు దూరం పోగలదు, తెరచాప పోలేదు. 1994 నాటి చట్టం తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే కేటాయించింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషిద్ధం.

మన మంజీరకూ ఇదే న్యాయం కావాలి. వానాకాలం వరదకు రవ్వ, బొచ్చె గుడ్లు పెట్టేందుకు ఎదురీదుతాయి. అప్పుడు సన్నకన్ను వలలు వేస్తే వచ్చే ఏటి కూర ఈ ఏడే తిన్నట్టు. ఆ నెలల్లో సింగూరులో అధికారులు వలలు తనిఖీ చేయాలి. వేలెడంత చేపను సంతలో మనమూ కొనరాదు. విత్తనపు జొన్నను ఏ రైతు వండుకు తింటాడు?