పందుల పెంపకము: గోడల వ్యయము, మేత వ్యయము

పందుల పెంపకమును గూర్చి సంపాదకీయము వ్రాయుట కొందఱు పాఠకులకు రుచింపకపోవచ్చును. పఠనమందిరమున దీనిని బిగ్గఱగా చదువువానిని చూచి నవ్వువారును ఉందురు. నవ్వనిండు. ఎఱుకలవారు తరతరములుగా ఈ వృత్తిని నమ్ముకొని జీవించిరి. పరప్రభుత్వము వారిని నేరస్థజాతుల పట్టికలో చేర్చి కట్టడిచేసెను. ఆ చట్టము దేశమంతట 1952 నాటికి రద్దయ్యెను గాని మన నవ్వు రద్దు కాలేదు. ఇప్పుడు అదే వృత్తిలో లాభమున్నదని విని, ధనవంతులు ఊరి వెలుపల కాంక్రీటు కొట్టములు కట్టించుచున్నారు.

కేంద్రప్రభుత్వమువారు 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషనులో, 50 ఆడపందులు 5 మగపందులు పెంచువారికి 15 లక్షలు, 100 ఆడపందులు 10 మగపందులు పెంచువారికి 30 లక్షలు మించకుండ, పెట్టుబడిలో సగము సహాయముగా నిచ్చుచున్నారు. ఉద్దేశము మంచిదే. కాని తక్కిన సగమును తెచ్చుకొనగలవాడెవడు? భూమియు, బ్యాంకువారి నమ్మకమును ఉన్నవాడు. అయిదు పందులతో బ్రదుకు వెళ్లదీయువానికి ఈ ద్వారమున ప్రవేశము లేదు. 2012లో ఒక కోటి మూడు లక్షలుగా నుండిన దేశపు పందుల సంఖ్య 2019 పశుగణనలో 90 లక్షలకు దిగినది. తగ్గినది ఎవరి మంద యని ఎవరైనను విచారించిరా?

ఇంతకును ఈ వ్యాపారము నిలుచునది గోడలమీద కాదు, తొట్టిమీద. మొత్తము వ్యయములో మూడింట రెండు పాళ్లు, ఒక్కొక్కచోట అంతకు మించియు, మేతకే పోవును. లెక్క చూడుడు. 15 కిలోల పిల్లను 90 కిలోల పందిగా చేయవలెనన్న 75 కిలోల బరువు పెరుగవలెను. కిలో బరువునకు మూడున్నర కిలోల మేత పట్టినచో 262 కిలోలు చాలును. అదే నాలుగు కిలోలు పట్టినచో 300 కిలోలు కావలెను. నూఱు పందులకు ఈ భేదము 3,750 కిలోలు. కిలో మేత 30 రూపాయలనుకొన్నను లక్షా పండ్రెండువేల అయిదువందల రూపాయలు! ఈ సొమ్ము దొంగ యెత్తుకొనిపోలేదు; నేలమీద ఒలికిన తవుడుగను, కడుపులోని పురుగులుగను, తూనిక లేక చల్లిన నూకలుగను పోయినది. ఎథనాలు కర్మాగారములు కూడ మొక్కజొన్నను కోరుచున్న ఈ కాలమున మేత వెల తగ్గునని ఆశపడుట వెఱ్ఱి.

తల్లిపంది సంగతియు ఇట్టిదే. అది ఈనినను ఈనకున్నను దినమునకు రెండున్నర కిలోలు తినును. ఏటికి తొమ్మిదివందల కిలోలు దాటును. చూడికాలము 114 దినములే గనుక ఏటికి రెండు ఈతలు సాధ్యము. పదునాఱు పిల్లలు దక్కినచో ఒక్కొక్కదానిపై పడు తల్లి మేత 57 కిలోలు. పది మాత్రమే దక్కినచో 91 కిలోలు. ఆ ఆఱు పిల్లలను చంపునది తఱచుగా వ్యాధి కాదు, తల్లి శరీరభారము. ఈనెడి గదిలో గోడకు జానెడెడముగా, నేలకు జానెడెత్తున ఒక ఇనుపగొట్టము బిగించినచో, తల్లి ప్రక్కకు ఒరిగినప్పుడు పిల్లలు దానిక్రింద దూరి బ్రదుకును. పుట్టిన మూడవనాడు ఇనుము సూది వేయింపవలెను. కాంక్రీటు నేలపై పుట్టిన పిల్లకు మట్టినుండి ఇనుము దొరకదు. మన వేసవియు తక్కువది కాదు. పందికి చెమటపట్టి చల్లబడు సౌకర్యము లేదు. ఎండ ముదిరినకొలది అది మేత మానును. పోతు సత్తువ చెడి, చూలు నిలువదు. రేకుల కప్పు క్రింద మూసిన గోడలకంటె, తూర్పుపడమరలుగా కట్టి నాలుగు వైపుల గాలి వచ్చు ఎత్తైన తాటాకు పాకయు, నీటితొట్టియు మేలు. నేల మాత్రము గట్టిగను, కాలువవైపు వాలుగను ఉండవలెను. అక్కడ పొదుపు చేసినవాడు పెంటలో మునుగును.

పొదుపు చేయరాని తావు మఱియొకటి కలదు. 2020లో అస్సాము, అరుణాచలములలో బయటపడిన ఆఫ్రికా పందిజ్వరమునకు చికిత్స లేదు. మనుష్యులకు సోకదు గాని మందను తుడిచివేయును. హోటలు ఎంగిలి చవుక మేత. అందులో రోగపు మాంసపు తునక యొకటి యున్నను చాలును. కావున దానిని బాగుగా కాచి పెట్టవలెను, లేదా మానవలెను. కంచె, సున్నము, వాకిట కాళ్లు ముంచు మందునీటి తొట్టి, బయటివారి రాకకు అడ్డు — వీనికగు వ్యయము స్వల్పము. కట్టెల ఖర్చునకు వెఱచి కాచుట మానిన పేదవాని నిందించుటకుముందు, వాడలో ఒక ఉమ్మడి కాగుబొయ్యి నేర్పఱుపవచ్చునా యని పురపాలకసంఘములవారు ఆలోచింతురు గాక.

ఇంత చేసి పెంచిన పందిని దళారి కంటిచూపుతో బరువు కట్టి కొనిపోవుచున్నాడు. మేతను కాటాలో తూచి కొన్న రైతు, పందిని చూపునకు అమ్ముకొనుచున్నాడు. అయిదు పందుల ఎఱుకల కుటుంబములు పదియైదు చేరి సంఘముగా ఏర్పడినచో, ముప్పది లక్షల సహాయములో ఒక చిన్నపాలు వారికి కాటాగను, మేత మరగను, పశువైద్యుని రాకగను ఇచ్చుటకు ఏ నిబంధన అడ్డువచ్చునో అధికారులు తెలుపవలెను.