తీరిక వేళ: మూడు గ్లాసుల గారడీ

వంటింట్లో బోర్లించి ఉన్న మూడు స్టీలు గ్లాసులు, నూలుతో చుట్టిన నాలుగు చిన్న ఉండలు. ఈ మాసం మా శీర్షికకు కావలసిన సామగ్రి ఇంతే. లోగడ ఫ్యూజు తీగను గురించీ, ప్రెషర్ కుక్కరు వాల్వును గురించీ మేము వ్రాసిన వ్యాసాలు చదివిన క్వార్టర్ల గృహిణులు కొందరు, ఇంటిల్లిపాదీ కూర్చుని చేయదగినది ఏదైనా వ్రాయవలసినదిగా కోరియున్నారు. కాఫీ త్రాగిన గ్లాసులు కడిగి తుడిచి సిద్ధంగా ఉంచుకొనగలరు.

ఈ విద్య మిక్కిలి పాతది. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన రోమను తత్త్వవేత్త సెనెకా తన మిత్రునికి వ్రాసిన 45వ లేఖలో గారడీవాని చిప్పలను, గులకరాళ్ళను ప్రస్తావించాడు. అందులోని కిటుకు తెలియనంత వరకే దానివల్ల సంతోషమని ఆయన అభిప్రాయం. మన దేశంలో సంతల్లోనూ, రైల్వే స్టేషన్ల బయటా నేలపై గొంతుకు కూర్చుని గారడీవారు ఇదే చేసేవారు. వారి గిన్నెలు చిన్నవి, పైన బొడిపె ఉండేవి. ఆ బొడిపెను రెండు వేళ్ళ సందున ఇరికించి ఎత్తేవారు. మనవారు దీనికి కనికట్టు అని పేరు పెట్టారు. గజకర్ణ గోకర్ణ టక్కు టమార విద్యలన్నింటినీ ఒకే మూటలో కట్టే అలవాటు మనకున్నది గాని, ఈ మాటలో మాత్రం విషయం సూటిగా ఉన్నది. కట్టవలసినది కన్నునే గాని వస్తువును కాదు.

మేము దీనిని దగ్గరగా చూచినది జంషెడ్‌పూరులో. సంస్థ కొనుగోలు చేసిన ఉక్కు పలకల తనిఖీ నిమిత్తం అక్కడ కొద్ది దినములు ఉండవలసి వచ్చినది. 1912లో తొలి ఉక్కు పోసిన ఆ ఊరు, 1919లో జంషెడ్‌జీ టాటా పేరిట జంషెడ్‌పూరు అయినది. దానికి పూర్వం దాని పేరు సాక్చీ. కర్మాగారం పెరిగిన కొలదీ ఉత్తరాంధ్ర పల్లెల నుండి ఎందరో తెలుగువారు పనికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. బిష్టూపూరులో వారి రామమందిరం ఉన్నది. కద్మా ప్రాంతంలో పదవీ విరమణ చేసిన ఫోర్‌మన్ ఒకరు మమ్ములను ఇంటికి భోజనమునకు పిలిచారు. భోజనానంతరం ఆయన మనుమలు 'తాతా, గ్లాసులు' అన్నారు. ఆయన లేచి అలమర నుండి మూడు గ్లాసులు తెచ్చారు.

విధానం చెప్పెదము. ఇది బాలల ఇంద్రజాల పుస్తకాలలో ఏనాటి నుండో అచ్చవుతున్నదే గనుక ఎవరి రహస్యమూ బయటపెట్టినట్లు కాదు. గ్లాసులు మూడింటినీ నోళ్ళు పైకి ఉండునట్లు ఒకదానిలో ఒకటి దింపవలెను. నడిమి గ్లాసులో ఒక ఉండ ముందే ఉండును. చూచువారికి ఇది తెలియదు. పై గ్లాసులో మిగిలిన మూడు ఉండలు వేసి, అందరి ఎదుటా బల్లపై కుమ్మరించి, మూడే అని వారిచేతనే లెక్కపెట్టించవలెను. ఇక అడుగు గ్లాసును లాగి ఎడమవైపు బోర్లించాలి. రెండవదానిని నడుమ, మూడవదానిని కుడివైపు బోర్లించాలి. రహస్యపు ఉండ ఇప్పుడు నడిమి గ్లాసు క్రింద ఉన్నది. ఆ గ్లాసు నెత్తిన కనిపించే ఉండలలో ఒకటి ఉంచి, తక్కిన రెండు గ్లాసులనూ ఒకదాని తరువాత ఒకటి దానిపై బోర్లించి, వేలితో తట్టి, మూడింటినీ కలిపి ఎత్తవలెను. ఉండ ఉక్కును దాటి క్రిందికి దిగినట్లు కనబడును!

అసలు సొగసు ఇక్కడే ఉన్నది. ఎత్తిన దొంతిని వెల్లకిలా త్రిప్పగానే, ఇందాక నెత్తిన పెట్టిన ఉండ ఎక్కడికి చేరినదో గమనించండి. తిరిగి సరిగ్గా రెండవ గ్లాసులోనే! మొదటి పనినే మరల చేయుటకు సర్వం సిద్ధం. ఈసారి రెండవ గ్లాసును బల్లపై ఉన్న ఉండ మీద బోర్లిస్తే దాని క్రింద రెండు ఉండలగును, మూడవసారి మూడు. చేయువాడు చూచువానికన్న ఎల్లప్పుడూ ఒక ఉండ ముందుంటాడు. మూడు ఆవృత్తాలు ముగిసిన పిమ్మట కూడా నాల్గవ ఉండ దొంతిలో, మొదట ఉన్న చోటనే ఉండును. ఒక యంత్రాన్ని ఇంత పొదుపుగా రూపొందించినవారు మా ఎరుకలో తక్కువ.

కష్టమంతా రెండవ గ్లాసును బోర్లించుటలో ఉన్నది. ఉండ జారి కంటబడరాదు. గ్లాసు లోతు 10 సెంటీమీటర్లు అనుకొందము. అడుగు నుండి అంచు వరకు ఉండ స్వేచ్ఛగా పడుటకు పట్టు కాలం సుమారు 0.14 సెకను, అనగా సెకనులో ఏడవ వంతు. ఉండ అడుగును విడిచిన క్షణం నుండి ఆ వ్యవధిలోపల గ్లాసు అంచు బల్లను తాకవలెను. విసురుగా త్రిప్పినంతసేపు ఉండ అడుగుకు అదుముకొని ఉండును. ఆగి ఆలోచిస్తేనే జారును. గ్లాసు నోరు మనవైపు, అడుగు ఎదుటివారివైపు ఉండునట్లు త్రిప్పాలి. అంతకన్న ముఖ్యమైనది, మూడు గ్లాసులనూ ఒకే వేగంతో బోర్లించుట. రెండవదాని దగ్గర మాత్రమే తొందరపడేవానిని ఐదేళ్ళ పిల్ల కూడా పట్టుకొంటుంది. ఫోర్‌మన్ గారి చేయి మూడుసార్లూ లేతు మీద టూలు కదిలినట్లే కదిలినది.

గ్లాసుల ఎంపికలో కొంత జాగ్రత్త వహించాలి. నిలువు గోడల గ్లాసులు ఒకదానిలో ఒకటి దిగవు. అడుగు సన్నగిల్లినవి కావలెను. అయితే అడుగుకూ అడుగుకూ నడుమ ఉండ పట్టునంత ఖాళీ మిగలాలి. మరీ బిగిసిపోయేవి పనికిరావు. ఉండలు నూలువే ఎందుకన్న ప్రశ్నకు సమాధానం చెవికి తెలియును. గోలీతో చేసి చూడండి, ఉక్కు గంటవలె మ్రోగి గుట్టంతా బయటపెట్టును.

పిల్లలు లోపల అయస్కాంతం ఉన్నదని అనుమానించడం సహజం. ఆయన ఒక అయస్కాంతం తెచ్చి వారికే ఇచ్చారు. గ్లాసులకు అది అంటలేదు. జేబులోని రూపాయి నాణెమునకు అంటినది. అది 18-8 రకపు స్టెయిన్‌లెస్ స్టీలు. క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉండుట వలన అయస్కాంతానికి లొంగదు. సాగదీసి వంచిన అంచు వద్ద మాత్రం కొద్దిగా పట్టవచ్చును. 1992 నుండి వచ్చిన స్టీలు రూపాయి నాణెములు నికెల్ లేని ఫెర్రిటిక్ రకమునకు చెందినవి. పిల్లలు, వారితోపాటు మేమూ, లోహమును పరీక్షిస్తున్నంతసేపు ఆయన చేతులను ఎవరూ పరీక్షించలేదు. తనిఖీ పనిలో ముప్పై ఏళ్ళు గడిపిన మాకు ఇది కొంత గ్రుచ్చుకొన్నది. కొలిచేందుకు వీలైనదానిని కొలిచి, అంతటితో పరీక్ష పూర్తయినదని సంతకం చేయు అలవాటు మన శాఖలలో లేకపోలేదు.

ఈ విద్యకు చేతులెంత ముఖ్యమో మాట అంత ముఖ్యము. ఆయన మాట చిన్ననాడు తమ ఊరి సంతలో గారడీవాని నోట విన్నదట. 'ఏటి నాయనా, మూడుండలూ నీ కాడే ఉన్నాయి గదా? సూడు, బాగా సూడు!' అని సాగుతుంది. మనుమలు చదివేది ఇంగ్లీషు, హిందీ. ఇంట తెలుగు విందురు గాని జవాబు హిందీలో ఇత్తురు. గ్లాసును ఎటు త్రిప్పమంటారని ఆయన అడిగినపుడు చిన్నవాడు 'ఉల్టా' అన్నాడు. ఆయన చేయి కదలలేదు. 'ఉల్టా తాతా!' చేయి కదలలేదు. పెద్దపిల్ల 'బోర్లా' అని అందించినది. అప్పుడు గ్లాసు తిరిగినది. ఆ సాయంత్రం వెల్లకిలా, దొంతి, అడుగు, అంచు, నెత్తిన అన్న మాటలన్నీ ఆ పిల్లవాడు ఇదే విధంగా సంపాదించుకొన్నాడు. తెలుగు వాచకం కొని తెచ్చితే అది అటకెక్కినదని వారి కోడలుగారు మాతో అన్నారు.

ఆ సంతలోని గారడీవారు నేడు అరుదు. సినిమా, టెలివిజన్ కొంత కారణం. చట్టం కూడా కొంత కారణమని మా అభిప్రాయం. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం, బహిరంగ స్థలంలో పాట, నృత్యం, జోస్యం, ప్రదర్శన వంటి మిషతో డబ్బు అడుగుటను కూడా భిక్షాటన క్రిందనే లెక్కగట్టినది. ఢిల్లీకి వర్తింపజేసిన ఈ చట్టంలోని పలు సెక్షన్లను 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు కొట్టివేసినది. ఏళ్ళ తరబడి సాధన చేసిన చేతికి అందిన రూపాయిని భిక్ష అనుట మాకు ఎన్నడూ సమంజసంగా తోచలేదు. వేదిక నెక్కిన ఇంద్రజాలానికి మాత్రం గౌరవం దక్కినది. మనవంటి ప్రభుత్వ రంగ సంస్థయైన భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేసి, పిమ్మట ఇంద్రజాలానికీ, మనస్తత్వ శాస్త్రానికీ అంకితమైన డాక్టర్ బి.వి. పట్టాభిరామ్ గారు తెలుగునాట ఇంటింటా తెలిసినవారు. ఆయన 2025 జూన్ 30న హైదరాబాదులో దివంగతులైనారు.

గుట్టు చెప్పమని చిన్నవాడు తాతగారిని చాలాకాలం వేధించెనట. చెబితే ఆట చచ్చునని ఆయన జంకు. చెప్పకపోతే తనతో పోవునని దిగులు. చివరకు ఒక షరతు పెట్టారు: గ్లాసులతోపాటు మాటలు కూడా నేర్వవలెను, తెలుగులోనే. మాటలకు రెండు మాసములు, చేతికి నాలుగు మాసములు పట్టినవి.

మేము మరల పనిమీద వెళ్ళినపుడు ఆ పిల్లవాడు ఇరుగుపొరుగు పిల్లలను అరుగు మీద కూర్చుండబెట్టి ఆడుతున్నాడు. వారిలో తెలుగువారు ఒకరిద్దరే. 'బోర్లా' అనగా ఏమని ఒక బిహారీ పిల్ల హిందీలో అడిగినది. వాడు జవాబు చెప్పక రెండవ గ్లాసును త్రిప్పి చూపాడు. తాతగారు ఆ గ్లాసువైపు చూడక, వాని ఖాళీ ఎడమచేతినే కన్నార్పకుండా చూస్తున్నారు. పిల్లలందరూ ఆయన చూపును అనుసరించి ఆ చేతినే చూస్తున్నారు.